కుటుంబ వైద్యం: కామెర్లూ – మందుల చిట్టా

“మందులు వాడితే లివరు చెడిపోతుందంటారు, నిజమేనా? ఒకవేళ చెడితే, అది మందు వల్లనే అని డాక్టర్లు ఎట్లా నిర్ణయిస్తారు?” ఈ శీర్షికకు తరచుగా వచ్చే ప్రశ్నలలో ఇది ఒకటి. మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది: నిజమే, కాని అరుదు. రెండవదానికి జవాబు కొంచెం పెద్దది. ఆ నిర్ణయంలో డాక్టరు పని ఎంత ఉన్నదో ఇంటివారి పనీ అంతే ఉన్నది. ఈ సంగతి చాలామందికి తెలియదు. అందుచేత ఈ నెల దీనినే వివరంగా చెప్పుకొందాం.

మందు లివరును ఎట్లా తాకుతుంది?

మనం మింగిన మందు ప్రేగులలో కరిగి రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం ఒళ్ళంతా తిరగడానికి ముందు కాలేయం గుండా పోవలెను. కాలేయం ఆ మందును విరిచి, మార్చి, మూత్రం ద్వారానో పైత్యరసం ద్వారానో బయటికి పోవడానికి వీలుగా చేస్తుంది. ఈ పనిలో ఒక్కొక్కప్పుడు అసలు మందుకంటె చెడ్డ పదార్థం పుట్టి, కాలేయాన్నే దెబ్బ తీస్తుంది.

ఈ దెబ్బ రెండు విధాలు. మొదటిది, మోతాదు మించితే ఎవరికైనా తగిలేది. దీనికి పారసెటమాల్ మంచి ఉదాహరణ. జ్వరానికీ నొప్పులకూ అంత మేలైన మందు మరొకటి లేదు. కాని ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు కూడా రోజుకు 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల బిళ్ళలు 8, దాటరాదు. బక్కపలచనివారూ, తిండి సరిగా తిననివారూ, సారా అలవాటున్నవారూ ఇంకా తక్కువలో ఆగవలెను. చిక్కు ఎక్కడ వస్తుందంటే, జలుబు బిళ్ళలోనూ ఒళ్ళునొప్పుల బిళ్ళలోనూ జ్వరం బిళ్ళలోనూ వేర్వేరు పేర్లతో ఇదే మందు ఉంటుంది. మూడూ కలిపి వేసుకున్నవారు లెక్క తెలియకుండానే హద్దు దాటుతారు. పొరపాటున ఎక్కువ మింగినట్లు తెలిస్తే, బాధ ఏమీ లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవలెను. అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు కలదు. 8 గంటల లోపల మొదలుపెడితే అది బాగా పనిచేస్తుంది. మొదటిరోజు రోగి మామూలుగా తిరుగుతూండడం చూసి మోసపోరాదు.

రెండవది, వేలమందికి పడిన మందు ఏ ఒకరికో పడకపోవడం. మోతాదు సరిగానే ఉంటుంది, మందు మంచిదే, ఇచ్చిన డాక్టరూ తప్పు చేయలేదు. ఆ మనిషి శరీరతత్త్వానికి మాత్రం అది సరిపడలేదు. ఎవరికి సరిపడదో ముందుగా చెప్పడం చాలా మందుల విషయంలో సాధ్యం కాదు. మనం ఇప్పుడు మాట్లాడుకొనేది ముఖ్యంగా ఈ రెండవ రకాన్ని గూర్చి.

ఒక్క పరీక్షతో తేలదు

కామెర్లు వచ్చినవారి రక్తం పరీక్ష చేయించితే ఆ కాగితం మీద “ఇది ఫలానా మందు చేసిన పని” అని వ్రాసి రాదు. స్కానింగులోనూ కనిపించదు. కాలేయంనుండి చిన్న ముక్క తీసి పరీక్షించినా చాలాసార్లు అనుమానం బలపడుతుందే గాని రుజువు దొరకదు. కనుక డాక్టరు చేసేది, కంటితో చూసిన సాక్షి లేని కేసులో జడ్జీ చేసేటటువంటి పని. ఎప్పుడు ఏమి జరిగిందో వరుసగా పేర్చుకొని, తక్కిన అనుమానితులను ఒక్కొక్కరినే తప్పించి, మిగిలినదానిని పట్టుకోవలెను.

ఈ విచారణ మనిషికొక తీరుగా సాగకుండా ఒక పద్ధతి ఏర్పరచినారు. 1989లో పారిస్‌లో పలుదేశాల నిపుణులు కూడి చర్చించినదాని ఆధారంగా గాబీ దానాన్, క్రిస్టియన్ బెనిషూ అనేవారు 1993లో ఒక మార్కుల పట్టీ ప్రకటించినారు. దానిని ‘రుకామ్’ అంటారు. 2016లో దానిని సవరించినారు. మందు మొదలుపెట్టిన ఎన్నాళ్ళకు జబ్బు వచ్చినది, ఆపిన తర్వాత ఎట్లా తగ్గినది, రోగి వయస్సు 55 దాటినదా, సారా అలవాటు ఉన్నదా, వేరే మందులేవి వాడుతున్నారు, ఇతర జబ్బులు కావని తేలినదా, ఆ మందుకు ఇదివరకే ఇట్టి పేరున్నదా, మళ్ళీ వాడినప్పుడు జబ్బు తిరగబెట్టినదా – వీటికి మార్కులు వేసి కూడుతారు. మొత్తం 9 గాని అంతకు మించి గాని వస్తే మందే కారణమనడానికి చాలా బలమున్నదని అర్థం. 6 నుండి 8 వరకు వస్తే బహుశా అదే. 3 నుండి 5 అయితే కావచ్చును. 1, 2 అయితే నమ్మకం తక్కువ. సున్నా, అంతకు తక్కువైతే మందును వదిలివేయవచ్చును.

ఈ ప్రశ్నలలో చాలావాటికి జవాబు రక్తంలో లేదు, మన ఇంట్లో ఉన్నదని పాఠకులు ఈపాటికి గ్రహించే ఉంటారు.

తేదీలే ముఖ్య సాక్షులు

ఈ రకపు దెబ్బ సాధారణంగా మందు మొదలుపెట్టిన 5 రోజులనుండి 90 రోజుల లోపల బయటపడుతుంది. కొన్ని మందులు ఇంకా ఆలస్యంగా కూడా చూపిస్తవి. కొన్నిటి విషయంలో మందు ఆపిన తర్వాత కూడా దెబ్బ బయటపడవచ్చును. ఇక్కడే చాలామంది పొరబడతారు.

ఒక ఉదాహరణ చెప్పుకొందాం. ఇంట్లో అరవై ఏళ్ళు దాటిన పెద్దాయనకు దగ్గూ జ్వరమూ వస్తే అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన బిళ్ళలు వారం రోజులు ఇచ్చినారనుకొందాం. జ్వరం తగ్గినది, ఖాళీ అట్ట పారవేసినారు, అందరూ ఆ సంగతి మరిచిపోయినారు. మూడు వారాల తర్వాత ఒళ్ళంతా దురద మొదలైనది. ఆ పై వారం కళ్ళు పచ్చబడినవి. డాక్టరు “ఏమి మందులు వాడుతున్నారు?” అని అడిగితే ఇంటివారు “రక్తపోటుకు ఒక బిళ్ళ, అంతే” అంటారు. అది అబద్ధం కాదు. వాడుతున్నది అదే. కాని పదేళ్ళుగా పడిన ఆ బిళ్ళ నిర్దోషి. దోషి నెల క్రితమే ఇల్లు విడిచి పోయినది. మందు ఆపిన కొన్ని వారాలకు కామెర్లు చూపించడం ఈ అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కు బాగా తెలిసిన గుణం. పాశ్చాత్య దేశాలలో ఇట్టి కాలేయపు దెబ్బకు మొదటి కారణాలలో అది ఒకటి.

కనుక డాక్టరు అడిగినా అడగకపోయినా, గడచిన ఆరు నెలలలో వాడిన మందులన్నీ చెప్పవలెను. వాడి మానినవి కూడా చెప్పవలెను.

కాగితం మీది అంకెలు

లివరు పరీక్ష కాగితంలో మూడు అంకెలు ముఖ్యం. ఎస్.జి.పి.టి. (దీనినే ఎ.ఎల్.టి. అంటారు) కాలేయకణాలు పగిలినప్పుడు పెరుగుతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పైత్యరసం పారే దారిలో అడ్డు ఏర్పడినప్పుడు పెరుగుతుంది. బిలిరుబిన్ పెరిగితే కళ్ళు పచ్చబడతవి.

మొదటి రెండూ మామూలు హద్దుకు ఎన్ని రెట్లున్నవో చూసి, మొదటిదానిని రెండవదానితో భాగిస్తారు. ఎస్.జి.పి.టి. హద్దు 40 ఉన్నచోట 800 వచ్చినదనుకొందాం: 20 రెట్లు. ఫాస్ఫటేజ్ హద్దు 120 ఉన్నచోట 180 వచ్చినది: ఒకటిన్నర రెట్లు. 20ని ఒకటిన్నరతో భాగిస్తే 13 పైచిలుకు. ఈ భాగఫలం 5 గాని అంతకు మించి గాని ఉంటే కణాలకు తగిలిన దెబ్బ. 2 గాని అంతకు తక్కువ గాని అయితే పైత్యరసానికి అడ్డు. నడుమనుంటే రెండూ కలిసినది. క్షయమందులు సాధారణంగా మొదటి రకం దెబ్బ తీస్తవి. పైన చెప్పిన పెద్దాయన మందు తరచుగా రెండవ రకం, అందుకే ఆ దురద. దెబ్బ తీరును బట్టి ఏ మందును ముందుగా అనుమానించవలెనో డాక్టరుకు తెలుస్తుంది.

ఎస్.జి.పి.టి. కొద్దిగా పెరిగినంత మాత్రాన మందు దెబ్బ అనరు. హద్దుకు 5 రెట్లు దాటితేనో, లేక 3 రెట్లు దాటి దానితోపాటు బిలిరుబిన్ హద్దుకు రెట్టింపు దాటితేనో గట్టిగా ఆలోచిస్తారు. ఈ రెండవదానిని తేలికగా తీసుకోరాదు. అమెరికా వైద్యుడు హైమన్ జిమ్మర్‌మన్ ఎంతో కాలం క్రితమే చెప్పినారు: మందు వల్ల కాలేయకణాలు దెబ్బతిని కామెర్లు కూడా వస్తే, నూటికి సుమారు పదిమంది ప్రాణాపాయంలో పడతారని. ఆయన పేరుమీదనే దానిని ‘హై సూత్రం’ అంటారు.

తక్కిన అనుమానితులు

కామెర్లు రాగానే మందు మీద నేరం మోపడం కూడా తప్పే. మన దేశంలో కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ అనేవి మెండు. బి, సి అనేవి వేరే ఉన్నవి. పిత్తాశయపు రాళ్ళు, సారా, శరీరం తన కాలేయం మీద తానే తిరగబడే జబ్బు, ఇవన్నీ మందు దెబ్బ వలెనే కనిపిస్తవి. అమెరికాలో మందు దెబ్బ అని అనుమానించిన 318 మంది రక్తాన్ని మరల పరీక్షిస్తే 9 మందిలో హెపటైటిస్ ఇ తాజాగా సోకిన గుర్తులు కనిపించినవని 2011లో ప్రకటించినారు. ఆ జబ్బు అరుదైన దేశంలోనే అట్లా ఉంటే మన సంగతి చెప్పవలెనా? డాక్టరు నాలుగైదు రక్తపరీక్షలూ ఒక స్కానింగూ వ్రాసినప్పుడు “ఇన్ని ఎందుకు?” అని విసుక్కోకండి. వాటిలో ఏదీ బయటపడకపోతేనే మందు మీద నేరం నిలుస్తుంది.

అనుమానించిన మందును ఆపినాక అంకెలు దిగుతవో లేదో చూడడం తరువాతి మెట్టు. ఎస్.జి.పి.టి. 8 రోజులలో సగానికి దిగితే అది బలమైన సాక్ష్యం. పైత్యరసపు అడ్డు తీరడానికి నెలలు పట్టవచ్చును. అయితే ఒక హెచ్చరిక. ఎస్.జి.పి.టి. దిగుతూ బిలిరుబిన్ మాత్రం పెరుగుతూ పోతే అది శుభసూచన కాదు. పగలడానికి కణాలే మిగలడంలేదని దాని అర్థం కావచ్చును. రక్తం గడ్డకట్టే పరీక్షలో ఐ.ఎన్.ఆర్. 1.5 దాటినా, చిగుళ్ళనుండి రక్తం కారినా, రోగి పగలు మగతగా పడుండి రాత్రి నిద్రపోకపోయినా, మాట తడబడినా, ఒక్క గంట కూడా ఆలస్యం చేయక పెద్ద ఆసుపత్రికి తీసుకొని పోవలెను.

క్షయమందుల సంగతి

మన దేశంలో ఈ విషయంలో అన్నిటికంటె పెద్ద పేరు క్షయమందులదే. బెంగుళూరు సెయింట్ జాన్స్ ఆసుపత్రిలో 1997 నుండి 2008 వరకు చూసిన 313 మంది లెక్క 2010లో అచ్చయినది. అందులో నూటికి 58 మందికి కారణం క్షయమందులు. ఆ 313 మందిలో నూటికి 17 మంది చనిపోయినారు. తరువాత 2013 నుండి 2018 వరకు దేశంలోని పలు ఆసుపత్రులు కలిసి 1,288 మందిని లెక్కించితే, అందులోనూ నూటికి 46 మందికి కారణం అవే.

క్షయకు మొదట ఇచ్చే నాలుగు మందులలో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ అనే మూడూ లివరును తాకగలవు. ఇథాంబుటాల్ సాధారణంగా తాకదు. ఒకప్పుడు క్షయరోగిని మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియములలో నెలల తరబడి ఉంచేవారు. 1956లో మదరాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రంవారు, ఇంటివద్ద మందు తిన్నవారికీ శానిటోరియములో తిన్నవారికీ గుణం ఇంచుమించు ఒకటేనని 1959లో ప్రకటించినారు. అది లోకానికే మేలు చేసిన పరిశోధన. దానితో మందు ఇంటికి వచ్చినది. మందుతోపాటు రోగిని కనిపెట్టి చూసే బాధ్యత కూడా ఇంటికే వచ్చినది.

ఏమి కనిపెట్టవలెను? అన్నం సయించకపోవడం, కడుపులో తిప్పడం, వాంతులు, విపరీతమైన నీరసం, మూత్రం ముదురురంగుకు తిరగడం. కళ్ళు పచ్చబడేదాకా ఆగరాదు. ఈ గుర్తులు కనిపించిన రోజుననే మందు ఇచ్చిన చోటికి పోయి లివరు పరీక్ష చేయించవలెను. ఈ గుర్తులతో ఎస్.జి.పి.టి. 3 రెట్లు దాటినా, ఏ గుర్తూ లేకుండా 5 రెట్లు దాటినా డాక్టర్లు మందులు ఆపుతారు. అంకెలు దిగిన తర్వాత ఒక్కొక్క మందునే మరల మొదలుపెట్టి పడనిదానిని పట్టుకుంటారు. ఇతర మందుల విషయంలో పడనిదానిని మరల ఇచ్చి చూడడం దాదాపు నిషిద్ధం. క్షయకు మాత్రం ప్రాణావసరం కనుక, వారి కళ్ళెదుట ఈ పని చేస్తారు.

ఇందులో రెండు ప్రమాదాలున్నవి. “కోర్సు మధ్యలో ఆపరాదన్నారు” అని కామెర్లు వచ్చినా మింగుతూ పోవడం ఒకటి. అందువల్ల ప్రాణం పోవచ్చును. “లివరుకు చెరుపట” అని ఎవరో అనగా విని, డాక్టరుతో చెప్పకుండా మానివేయడం రెండవది. అందువల్ల క్షయ మొండిదై ఇంటిల్లిపాదికీ అంటవచ్చును. మందు మొదలుపెట్టిన తొలి వారాలలో ఎంజైములు కొంచెం పెరిగి, మందు వాడుతూండగానే సర్దుకోవడం మామూలే. ఆపవలెనా, సాగించవలెనా అనేది అంకె చూసి డాక్టరు చెప్పవలసిన మాట.

ఆకులూ, కషాయాలూ

నాటువైద్యాన్ని నిందించడం మా ఉద్దేశం కాదు. కాని “ఆకే కదా, ఏమి చేస్తుంది?” అనే మాట సరికాదు. గుణం చేయగల శక్తి ఉన్నదానికి దోషం చేయగల శక్తీ ఉంటుంది. పైన చెప్పిన 1,288 మందిలో నూటికి 14 మందికి కారణం ఆయుర్వేదం, మూలికలు మొదలైన మందులే. కోవిడ్ రోజులలో తిప్పతీగ కషాయం ఇంటింటా కాచినారు. అది తాగి లివరు దెబ్బతిన్నవారు 43 మందిని 13 ఆసుపత్రులవారు కలిసి 2022లో ప్రకటించినారు. కొందరిలో అంతకుముందే లోపల అణగి ఉన్న కాలేయవ్యాధి దానితో పైకి వచ్చినది. తిప్పతీగ దోషం కాదనీ, దానిని పోలిన మరొక తీగ కలిసి ఉండవచ్చుననీ ఆయుష్ మంత్రిత్వశాఖ అన్నది. ఈ వాదం ఎట్లా ఉన్నా మనకు అందులో పాఠం ఒకటే: ఏది తాగినామో డాక్టరుకు తెలియవలెను.

పసుపు సంగతీ అంతే. కూరలో వేసుకొనే పసుపుతో భయం లేదు. పసుపుసారాన్ని మిరియపు సారంతో కలిపి గొట్టాలలో నింపి అమ్మే మందులతో లివరు దెబ్బతిన్న కేసులున్నవి. మిరియం పసుపును ఒంటికి ఎక్కువగా పట్టిస్తుంది.

కామెర్లు వచ్చిన తర్వాత తాగించే పసరుల విషయంలో మరొక చిక్కు. నీటివల్ల వచ్చిన కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతవి. కీర్తి పసరుకు పోతుంది. అదే కామెర్లు మందు వల్ల వచ్చినవైతే, దెబ్బతిన్న లివరు మీద మరొక బరువు పడుతుంది. డాక్టరు లెక్కలో మరొక అనుమానితుడు చేరుతాడు. తేదీలన్నీ కలగాపులగమవుతవి.

మనబోటివారికి ఇందులో ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటున్నది. ఇంట్లో అమ్మమ్మ “తిప్పతీగ” అంటుంది. ఎదుట ఉన్న డాక్టరుకు ఆ మాట తెలియదు. చెప్పినా తెలియదులే అని మనం ఊరుకుంటాము. అట్లా ఊరుకోరాదు. దానినే కన్నడంలో అమృతబళ్ళి, తమిళంలో సీందిల్ కొడి, మరాఠీలో గుళవేల్, ఒరియాలో గుళుచి, హిందీలో గిలోయ్ అంటారు. కామెర్లకు నూరి ఇచ్చే నేల ఉసిరిని తమిళులు కీళానెల్లి అనీ, కన్నడిగులు నెలనెల్లి అనీ అంటారు. యానాంనుండి పెద్ద ఆసుపత్రికని పుదుచ్చేరి పోయేవారికి కూడా ఈ తమిళపు పేర్లు పనికివస్తవి. పేరు తెలియకపోతే ఆ ఆకునే, పొడినే, సీసానే వెంట తీసుకొనిపోండి. అత్తగారు ఇచ్చినదని చెప్పడానికి కోడలూ, కోడలికి తెలియకుండా తాగినదని చెప్పడానికి అత్తగారూ జంకరాదు. ఇది తప్పెవరిదని తేల్చే పంచాయితీ కాదు.

భయమూ వద్దు

ఇంత చెప్పినందుకు మందులంటేనే భయపడవద్దు. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్ బిళ్ళల వల్ల ఎంజైములు స్వల్పంగా పెరగవచ్చును. అంతమాత్రాన వాటిని మానివేసి గుండెజబ్బును పిలవడం తెలివి కాదు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనలనుండి వచ్చినది మెథోట్రెక్సేట్. దానిని నేడు కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి ఇస్తారు. ఎందరికో చేతులూ కాళ్ళూ ఆడించిన మందు అది. దానికీ నియమంగా లివరు పరీక్ష కావలెను. పరీక్ష వ్రాసినారంటే మందు చెడ్డదని కాదు, డాక్టరు కనిపెట్టి చూస్తున్నారని అర్థం.

ఇంటికొక పుస్తకం

పాల లెక్కకూ చాకలిపద్దుకూ పుస్తకం పెట్టే ఇల్లాలికి ఇది కష్టం కాదు. ఒక పుస్తకంలో మనిషికొక పుట కేటాయించండి. మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, మానిన తేదీ, ఎంత మోతాదు, ఎందుకు ఇచ్చినారు – ఈ అయిదూ వ్రాయండి. దుకాణంలో అడిగి కొన్న బిళ్ళలూ, బలానికి వాడే పొడులూ, కషాయాలూ, లేహ్యాలూ అందులోనే చేరవలెను. పేరు పలకడం రాకపోతే బిళ్ళల అట్టను చించి ఆ పుటకు అంటించండి. లివరు పరీక్ష కాగితాలను తేదీల వరుసలో అందులోనే దాచండి. ఎవరికైనా ఒక మందు పడలేదని డాక్టరు తేల్చితే, ఆ పేరు పుట నెత్తిన ఎర్రసిరాతో వ్రాయండి. ఊరు మారినా, డాక్టరు మారినా ఆ మందు మరల ఆ మనిషి నోటికి పోరాదు. రెండవసారి తగిలే దెబ్బ మొదటిదానికంటె త్వరగానూ తీవ్రంగానూ ఉండవచ్చును.

నేడు ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు గనుక, తీరికగా కూర్చుని ఆ మొదటి పుట వ్రాయడానికి ఇదే మంచి సమయం.